వెంట్రుకవాసి

బోర్లా పడుకోబెట్టారు.
పొట్ట కింద దిండు, మొహానికి ఒక కన్నం.
కన్నంలోంచి కనిపించేది విజయనగరం ఆస్పత్రి గచ్చు,
డాక్టరమ్మ ఆకుపచ్చ చెప్పులు.
పూర్తి మత్తు ఇవ్వరట.
"మీరు మాట్లాడాలి తాతా. మీరు చెప్తేనే నాకు తెలిసేది."

నలభై ఏళ్లు బొబ్బిలిలో నాదీ అదే పని.
పనస దండె మీద మసి కలిపిన మైనం పోసి
ఇరవైనాలుగు కంచు మెట్లు నిలబెట్టడం.
కొలబద్ద లేక కాదు. ఉంది.
అది చెప్పిన చోటే మెట్టు పెడితే
వీణ అబద్ధమాడుతుంది.
మైనం వేడి మీదుండగానే
చెవి చెప్పిన చోటికి జరపాలి,
ఒక వెంట్రుకవాసి, ఒక్కోసారి అంతకీ తక్కువ.
ఆ వంగుడే నా నడుం తినేసింది.
విశాఖలో కోసి, మేకులు వేసి, కుట్టేశారు.
నొప్పి మాత్రం కుట్లలోంచి తప్పించుకుని
ఎడమకాలి మడమలో కాపురం పెట్టింది.

ఇప్పుడు నడుం దగ్గర సూది,
సూదిలోంచి సన్నటి తీగ,
తీగ కొసన ఎనిమిది మెట్లు.
నేను మెట్లంటాను, వాళ్లు ఇంకేదో అంటారు.
వెన్ను లోపల పైకి పాకుతోంది,
మన అటక మీద ఎవరో తెలియనివాళ్లు నడుస్తున్నట్టు.
డాక్టరమ్మ తెర మీద ఎముకలు లెక్కపెట్టింది:
మెడ ఏడు, వీపు పన్నెండు, నడుం అయిదు.
నేనూ కూడుకున్నాను.
కన్నంలోకి నవ్వుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

"తొమ్మిదో ఎముక, నడిమధ్యన. బొమ్మలో కరెక్టు"
అన్నాడు కంపెనీ కుర్రాడు సెల్వం.
కరెంటు వదిలాడు.
పక్కటెముకల చుట్టూ ఎవరో తాడు బిగించారు.
"కాలు కాదు బాబూ, పొట్ట."
ఆపారు. జరిపారు. వదిలారు.
"ఇప్పుడు కుడితొడ. అది మంచిదే,
దాని జోలికి ఎల్లకండి."

"ఎలా ఉంది? మంటా? పోటా? తిమ్మిరా?"
నర్సు పెన్ను పట్టుకు నిలబడింది.
టార్చిలైటు సెల్లు నాలిక్కి ఆనించినట్టు. కాదు.
మంద్రం తీగ మీటి వదిలేసి
కుండకి చెంప ఆనిస్తే
పళ్లలోకి ఎక్కుతుంది కదా, అదీ.
ఆమె "జుమ్ము" అని రాసుకుంది. సరే.

"రెండు మెట్లు కిందికి. కొంచెం ఎడమకి."
"కొంచెమంటే?"
"వెంట్రుకవాసి."
కుర్రాడు నవ్వాడు. డాక్టరమ్మ నవ్వలేదు.
ఆకుపచ్చ చెప్పులు ఒకడుగు ముందుకొచ్చాయి.
ఊపిరి బిగబట్టి
నా కాలిని నేను విన్నాను.

తొడ వెనకనించి పిక్కకి, పిక్కనించి మడమకి
సన్నటి వాన దిగింది.
నొప్పి పోలేదు. అక్కడే ఉంది, చూస్తున్నాను,
వాన అవతల గొడుగు లేకుండా నిలబడ్డ
వడ్డీ వసూలువాడిలాగ.
"ఆగండి. అదే. కదపకండి."
ఇన్నేళ్లూ ఈ మాట చిన్నమ్నాయుడికి చెప్పేవాణ్ణి,
మైనం చల్లారేలోపు.

ఏడు రోజులు పరీక్ష.
సగం తగ్గితేనే పెట్టె ఒంట్లో పెడతారు.
డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.
వంగకూడదు, మెలిక తిరక్కూడదు,
చెయ్యి పైకెత్తకూడదు, తీగ జారుతుంది.
పచ్చి మైనం మనిషిని.

గజపతినగరం గతుకుల్లో బస్సు ఎగిరినప్పుడల్లా
కాల్లో వాన హోరెత్తి, మళ్లీ సన్నబడింది.
"ఏటి, అలగైపోనావు?" అంది అప్పలనరసమ్మ.
"శ్రుతి పోతందే" అన్నాను.
ఏం అర్థమైందో, లేచి వెళ్లి
డ్రైవరుతో తగువు పెట్టుకుంది.

ఇంట్లో గోడకి ఆనించి ఒక వీణ,
ఆపరేషను ముందు వదిలేసినది.
పదమూడో మెట్టు తేడా. నాకు తెలుసు,
ఏడాదిగా మంచమ్మీంచి దాన్నే చూస్తున్నాను.
నడుముకి పెట్టె కట్టుకుని, నిలబడే చెప్పాను:
"ఒరే నాయుడూ, మైనం కాచు."
వాడు కొలబద్ద తీశాడు.
"అదక్కడెట్టు. కళ్లు మూసుకో."

వాడు మీటాడు. తప్పే.
జరిపి, మళ్లీ మీటాడు.
నేనేం మాట్లాడలేదు.
బొటనవేలితో
పెట్టె మీద బొత్తాం వెతుక్కుంటూ నిలబడ్డాను.