నలభై ఏడో పద్దు

మాది తీగల ఓడ.
సముద్రం అడుగున తెగిన టెలిగ్రాఫు తీగను
కొక్కెంతో గాలించి పైకి లాగి
అతికి, తారు పూసి, మళ్ళీ వదిలేయడం మా పని.
అప్పటిదాకా మేము నీళ్ళలోంచి తీసిందల్లా
మాటలు నడిచే దారే.

ఆ ఏప్రిల్లో హాలిఫాక్స్ రేవులో
తీగచుట్టలుండే తొట్లలో మంచుగడ్డలు నింపారు.
కాన్వాసు తానులు, ఇనప కడ్డీలు,
వాసన పోని కొత్త చెక్కపెట్టెలు.
ఎందుకని ఎవరూ అడగలేదు.
వంటవాడు జ్విక్కర్ మాత్రం
రొట్టెపిండి పిసుకుతున్నవాడల్లా ఆగి
చేతులు రెండుసార్లు కడుక్కున్నాడు.

నాలుగోరోజు పొద్దున
దూరాన తెల్లగా ఏదో తేలుతుంటే
సముద్రపక్షుల గుంపనుకున్నాం.
దగ్గరికెళ్తే లైఫ్ జాకెట్లు.
అందరూ నిలువుగానే ఉన్నారు,
భుజాలదాకా నీళ్ళలో,
ఎవరో పిలిస్తే వెళ్దామని
వరసలో నించున్నట్టు.

పడవలోంచి ఆల్బన్ చంకల కింద చేతులేసి లాగేవాడు.
రా అన్నా, రా, అనేవాడు ఒక్కొక్కణ్ణీ.
ఆడమనిషైతే ఏమీ అనేవాడు కాదు,
ముందు టోపీ తీసేవాడు.

పద్దు రాయడం నా వంతు.
అంకె. ఆడా, మగా. వయసు ఉజ్జాయింపు.
జుట్టు. బట్టలు. జేబులో ఏముంది.
ఇరవై రెండు: ఉన్నికోటు, తాళంచెవి, ఒక కొరుకు కొరికిన బిస్కట్టు.
ముప్పై: బంగారు గొలుసు, రెండు ఉంగరాలు.
ముప్పై ఒకటి: ఏమీ లేదు.
సిరా గడ్డకడుతుంటే
సీసా చంకలో పెట్టుకుని రాశాను.

నలభై ఏడు.
బొగ్గు వేసేవాడు కాబోలు,
గోళ్ళసందుల నలుపు ఉప్పునీళ్ళకీ పోలేదు.
చొక్కా లేదు. జేబుల్లేవు.
మోచేతి పైన పచ్చబొట్టు: నోరా.
పేరు తెలియని మనిషి ఒంటిమీద ఒక పేరుంది.
అది అతనిది కాదు.

పెట్టెలు అయిపోవస్తున్నాయి.
మంచి కోటుకి పెట్టె.
మామూలు కోటుకి కాన్వాసు.
కోటే లేనివాడికి
కాళ్ళ దగ్గర మూడు ఇనపకడ్డీలు, ఒక ప్రార్థన.
ఈ లెక్క ఎవరు కట్టారో నాకు తెలీదు.
చేతిరాత మాత్రం నాదే.

సాయంత్రం పాదిరి పుస్తకం తెరిస్తే
గాలి తనకి కావలసిన పేజీకి తిప్పుకుంది.
పలక వాలింది.
నిద్దట్లో మనిషి పక్కకి ఒత్తిగిల్లినంత చప్పుడు, అంతే.
పేరు గడి ఖాళీగా ఉంచమన్నారు.
ఉంచాను.

తర్వాత చాలా ఏళ్ళు అవే నీళ్ళు,
అదే కొక్కెం, అవే తీగలు.
లాగుతున్న తాడు కాస్త బరువెక్కితే చాలు
డెక్కు మీద అందరం మాటలాపేసేవాళ్ళం.

ఓ రాత్రి అతుకు వేశాక
తీగ పలుకుతోందో లేదో చూడమన్నారు.
అవతలి ఒడ్డుకి ఏదో ఒక మాట పంపాలి.
వినిపిస్తోందా, అని పంపడం మా వాడుక.
నా వేళ్ళు నోరా అని కొట్టాయి.

ఐర్లండు ఒడ్డున ఆపరేటరు కాసేపు ఊరుకుని
తిరిగి కొట్టాడు:
ఇక్కడ వీధికి ముగ్గురున్నారు, ఏ నోరా?

తీగ బాగానే ఉంది,
అని పద్దులో రాశాను.