నోరు మూసుకున్న మూడు

వనపర్తి తాసీలాఫీసు గేటుకు ఎదురుంగ
నాది జిరాక్సు షాపు.
చెడిపోయిన కాయితాల వెనక పక్క
కతలు రాస్త.
ముందు పక్క ఎవరిదో కులం సర్టిఫికెట్ సగం,
వెనక పక్క నా కుర్మయ్య.

ముందుగాల ఆయన పేరు కుర్మయ్య కాదు, ఎంకటరాములు.
రెండు రోజులు పిలిచి చూసిన, పలకలే.
శనివారం పెబ్బేరు అంగడిల ఎవరో ముసలాయన
ఎద్దునమ్మి
ఉత్త తాడు భుజాన ఏసుకొని పోతుంటే
ఎనకనుంచి కేకేసిండ్రు, ఓ కుర్మయ్యా అని.
పేరూ, తాడూ
రెండూ ఎత్తుకొచ్చుకున్న.

ఇగ ప్లాను గీసిన.
మొదటి కాయితంల అన్నదమ్ములు, గట్టు పంచాయితి.
రెండో దాంట్ల పహాణీ, ఆఫీసు, తిరుగుడు.
మూడూ నాలుగూ గూడ తిరుగుడే, ఏం తోచక.
ఐదో కాయితంల కుర్మయ్య చచ్చిపోవాలె.
ఎట్లనో రాసుకోలే,
తాడు ఉండనే ఉన్నది గదా.

ఎర్ర పెన్నుతోని బాణాలు గీసి
మిషన్ పక్క గోడకు అతికిచ్చిన.
ఇంత సాపు తొవ్వ ఏ ఊరికీ లేదు అనిపిచ్చింది.

సాయంత్రాలు పనికొచ్చే పాలిటెక్నిక్ పిల్ల షాహీన్
నిలవడి అంత సదివింది.
"అక్కా, ఈయన ఇన్ని కాయితాలల్ల
ఒక్కపారి గూడ అన్నం తినలే" అన్నది.
అని, టోనర్ డబ్బా ఊపుకుంట పోయింది.

ఆ రాత్రి కూసొని
కుర్మయ్యకు జొన్నరొట్టె పెట్టిన,
పల్లి కారంతోని.
ఆఫీసు మెట్ల మీద మూట ఇప్పి
సగం రొట్టె పక్కాయనకు తుంపి ఇచ్చిండు.
అది నేను చెప్పలే.
కారం ఎక్కువైతే ముక్కు తుడుసుకొని నవ్విండు.
అదీ నేను చెప్పలే.

తెల్లారి ఐదో కాయితం ముందట పెట్టుకుంటే
చెయ్యి ఆడలే.
రొట్టె తుంపిచ్చిన మనిషిని చంపుడు
గంత అలకటి పని గాదు.

పది దినాలు కత ఆడనే ఆగిపోయింది.
బాణాలు గోడ మీద ఎలిసిపోతున్నయి.

ఒకనాడు పానగల్ దిక్కు నుంచి ఒకామె వచ్చింది,
పహాణీ కాపీ కావాలని.
అసలుది వానల తడిసిపోయిందంట.
చేతుల ఉన్నది కాపీకి కాపీ,
దానికి మల్ల కాపీ.
ఆఫీసోళ్లు వారం వారం ఒకటి గుంజుకుంటుంటే
ఉన్నదాని మీదనే తీస్తున్నదంట.
మిషన్ల పెట్టిన. పచ్చ ఎలుగు అటు పోయి ఇటొచ్చింది.
కాయితం ఎచ్చగ బయటికొచ్చింది.

సర్వే నంబరు నూట ముప్పై మూడు.
ఆఖరి మూడు నోరు మూసుకున్నది.
మసి పేరుకొని, పేరుకొని
ఎనిమిది అయ్యింది.

రెండు రూపాయలు తీసుకోవాలెనా వద్దా
తెల్వక నిలవడ్డ.
పెన్ను తీసి ఆ ఎనిమిది నోరు తెరిచిన,
పక్కన చిన్నగ అక్షరాలల్ల రాసిచ్చిన.
చెల్లుతదో చెల్లదో.
ఆమె పోయినంక
చేతులకు అంటిన మసి చూసుకుంట కూసున్న.

అన్నదమ్ములను కొట్టేసిన.
గట్టు పంచాయితి కొట్టేసిన.
కుర్మయ్య భూమిని ఎవ్వలూ గుంజుకోలే,
సోమవారం సోమవారం
ఒక మంచి మిషన్
మంచిగనే పనిచేసి తినేసింది.
మరి ఆ కాపీలు తీసిందెవ్వరు?
ఇన్ని దినాలు కతల లేని మనిషి,
గేటుకు ఎదురుంగ కూసొని
రెండు రూపాయలు డబ్బాల ఏసుకున్న మనిషి.
ఆమెకు ఇంకా పేరు పెట్టలే.
నా పేరు పెడదామంటే
భయమైతున్నది.

గోడ మీది కాయితాలు పీకేసిన,
సున్నం గూడ కొంచెం ఊడొచ్చింది.
తాడు మాత్రం ఉంచిన.
దాంతోని కుర్మయ్య కాయితాల కట్ట కడుతుండు,
రెండు చుట్లు ఏసి, ముడి కోసం ఏలు పెట్టమని
నా దిక్కు చూస్తుండు.

షాహీన్ షట్టర్ ఎత్తుతున్నది.
బయట అప్పుడే నలుగురు.
మిషన్ ఇంకా కాగలే, జర ఆగుండ్రి.