ఎనిమిది అంకె ముడి

సైదాబాద్‌లో మా బాల్కనీ అంటే
కుట్టుమిషను పోగా మిగిలిన జాగా.
రెండు పెయింటు డబ్బాలు, అడుగున మేకు చిల్లులు,
ఒక సొట్టల డేగిశా.
డేగిశాలో కాకర.

గింజలు తడిగుడ్డలో చుట్టి
జాకెట్ల మూట పక్కన పెట్టి మరిచిపోయాను.
మూడో రోజు హుక్కులు వెతుకుతుంటే
గుడ్డలోంచి ఒక తెల్లటి ముక్కు.

కర్ర ముందే పాతాలని తెలీదు.
మొక్క ఎదిగాక గుచ్చితే వేళ్ళు తెగుతాయని
తెగాకే తెలిసింది.
రెండోసారి గింజతోపాటే నాలుగు చువ్వలు నాటాను.
చాదర్‌ఘాట్ వంతెన మీద గాలికి
వెనక్కి తిరగబడ్డ గొడుగువి.
వాటికి వాన కొత్త కాదు.

ఇక కట్టడం.
డాబా మీద తెగిపడ్డ మాంజాతో కట్టాను మొదట.
దానికి పూసిన గాజుపొడి
తీగకి తెలిసింది నాకంటే ముందు.
పొద్దున్నకి తల వేలాడేసింది.
తర్వాత మిషను దారం, రెండు పేటలు, గట్టిగా.
నా కుట్టు ఊడదని గల్లీలో పేరు!
పదిహేను రోజులకి కాండం లావెక్కి
దారం లోపలికి దిగిపోయింది
చిన్నప్పుడు తొడిగి తీయని ఉంగరంలా.

జాకెట్టు చంకల్లో, పక్కల్లో
అరంగుళం గుడ్డ లోపలికి మడిచి కుడతాను,
ఏడాది తిరిగాక విప్పుకుంటారని.
మనుషులు లావవుతారని తెలుసు.
మొక్కలు అవ్వవనుకున్నానేమో.

ఇప్పుడు చీర ఫాల్ ముక్కలే, మెత్తటి నూలు.
చువ్వ చుట్టూ ఒక సున్నా,
కాండం చుట్టూ ఇంకో సున్నా,
మధ్యలో ఒక దాటు.
చిటికెనవేలు దూరేంత వదులు.

నులితీగకి కళ్ళుండవు.
గాలిలో మెల్లగా గుండ్రాలు చుడుతూ వెతుక్కుంటుంది.
చువ్వ దగ్గరికి వంచి పట్టి చూపించాను ఒక సాయంత్రం.
దాన్ని వదిలి నా గాజు పట్టుకుంది.
కొలతలివ్వడానికొచ్చిన ఇందుమతి ఒకటే నవ్వు:
“అక్కా, నిన్నే కర్ర అనుకుంటుంది.”
పావుగంట కదల్లేదు నేను.
ఆమె కొలతలు ఆ రోజు ఎడమచేత్తో రాసుకున్నాను.

మూడో అంతస్తు తహ్సీన్ ఆపా
పొద్దున్నే తాడుకి సంచీ కట్టి వదుల్తుంది
పాల పాకెట్ల కోసం.
మా గ్రిల్లుకి జానెడు దూరంలో దిగుతుంది, ఎక్కుతుంది.
ఒక శుక్రవారం రాత్రి లాక్కోవడం మరిచిపోయింది.
అంతే.
నాలుగు చువ్వలుండగా,
నా ఇన్ని ముడులుండగా,
కాకర ఆ తాడునే ఎంచుకుంది.
తెల్లారేసరికి మూడు చుట్లు, సన్నటి స్ప్రింగు.

పైనుంచి తాడు ఒకసారి కదిలింది. ఆగింది.
నేను కత్తెర తెచ్చాను.
ఎంత ఖరీదు పట్టు మీదైనా
తడబడని కత్తెర అది.
“ఠైరో బేటీ,” అంది ఆపా, కటకటాల్లోంచి వంగి,
“పట్టుకుంది గదా. ఉండనీ.”

సంచీ విప్పి ఇచ్చేశాను, తాడు ఉండిపోయింది.
అప్పట్నుంచి ఆమె యాభై నాలుగు మెట్లు దిగి
పాలు తెచ్చుకుంటోంది.
ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకుని
మా గుమ్మం ముందు ఆగుతుంది.
స్టూలు వేస్తాను.
పాలు రూపాయి పెరిగిందంటుంది,
ఈసారి వానలు దొంగవానలంటుంది.
కాకర మాట ఇద్దరం ఎత్తం.

నిన్న ఆమె అల్లిన టోపీలకి లైనింగు ఇవ్వడానికి
మొదటిసారి పైకెళ్ళాను.
తీగ నాకంటే ముందే చేరి ఉంది అక్కడికి,
పసుప్పచ్చ పూలతో, వేలెడంత పిందెతో.
తాడు కొసన గ్రిల్లుకి బిగుతు ముడి,
లాగి చూశాను, రాయి.
కాండం దగ్గర మాత్రం
పాత దుపట్టా చింపిన పేలిక,
మధ్యలో ఒక దాటు.

నేను నేర్పలేదు.
ఆపా చాయ్‌కి నీళ్ళు పెడుతుంటే
ఎవరూ చూడకుండా చిటికెనవేలు పెట్టి చూశాను.

దూరింది.