ఎక్కడ విరవాలి

మంగళ, శుక్రవారాల్లో ఐలీ వస్తుంది.
తడి గొడుగు గడప దగ్గర వాల్చి
మా వంటింటి బల్లకి అటుపక్క కూర్చుంటుంది.
ఇటుపక్క డూగల్,
కుడిచెయ్యి ఒళ్ళో, ఎవరో మరిచిపోయిన చేతితొడుగులా.

"దెబ్బకో ముక్క," అంటుంది ఆ పిల్ల.
పొ. టే. టో.
వేలితో బల్ల మీద మూడుసార్లు, నడిమిది గట్టిగా.
డూగల్ నోరు తెరుస్తాడు. "టే."
కిటికీ బయట నది పేరూ అదే,
దాన్ని పిలిచాడేమో అనుకున్నాను.
"అది చాలు," అంది ఐలీ. "బరువున్నది ముందొస్తుంది,
తేలికవి దాని వెనక నడుస్తాయి."

నలభయ్యొక్క ఏళ్ళు డండీలో
పత్రికకి సీసపు అక్షరాలు పేర్చినవాడు.
పంక్తి చివర చోటు చాలకపోతే
ఏ మాటని ఎక్కడ విరిచి గీత పెట్టాలో
నిఘంటువు తెరవకుండా చెప్పేవాడు.
కొత్త కుర్రాడొకడు 'లెజెండ్'ని మూడక్షరాల దగ్గర తుంచితే
సంతాపవార్తలోని మహానుభావుడు
తెల్లారేసరికి లెగ్-ఎండ్,
కాలి కొస అయి కూర్చున్నాడు.
ఆ రాత్రి సూప్ తాగలేక నవ్వాడు డూగల్.
"మాటకి కీళ్ళుంటాయే నెట్టా,
కోడిని కోసినట్టు కీలు చూసి కొయ్యాలి."

కీళ్ళు ఇప్పటికీ మరిచిపోలేదు.
'అన్‌కంఫర్టబుల్' రాసిస్తే
ఎడంచేత్తో పెన్సిలు గీతలు వంకరగా, కానీ సరిగ్గా పెడతాడు.
ముందు 'అన్', కాదనే ముక్క.
నడుమ 'కంఫర్ట్'.
కొసన 'ఏబుల్', అంటే చేతనైనది.
దాని మీద పెన్సిలు కాసేపు ఆగిపోయింది.

నేను జనపనార మిల్లులో మగ్గాల మధ్య పెరిగినదాన్ని.
పదిహేడేళ్ళకే చెవులు సగం పోయాయి.
ఆ రొదలో పెదవులు చూసి మాట పట్టేవాళ్ళం,
అందుకే నాకు తెలుసు,
రాతలో ఉన్న ముక్కలన్నీ నోట్లో ఉండవు.
'కంఫర్టబుల్'లో ఒకదాన్ని అందరూ మింగేస్తారు.
'ఫోటోగ్రాఫ్' అన్నప్పుడు గుండ్రమయ్యే పెదవి
'ఫటాగ్రఫర్' అనేసరికి ఆ గుండ్రం పోగొట్టుకుంటుంది,
బరువు పక్కింటికి మారింది గనక.
ఐలీకి చెప్తే పుస్తకంలో రాసుకుంది.

నిన్న శుక్రవారం. వాన. నది కనిపించలేదు.
ఐలీ నా వైపు చూపించి, "ఈవిడ?" అంది.
పెళ్ళినాటి నుంచీ ఆయనకి నేను నెట్టానే,
తోక ముక్క,
చోటు చాలని మనిషి పిలుపు.

ఎడంచెయ్యి లేచింది.
ఒక దెబ్బ. ఇంకోటి, మెల్లగా.
మూడోది ఎంత గట్టిగా పడిందంటే
టీ కప్పు సాసర్లో గిలగిల్లాడింది.
నాలుగోది వేలి కొసతో.
గొంతు రాలేదు.
నాకు గొంతుతో పనేముంది,
పెదవులే చూస్తున్నాను.

హెన్. రి. ఎట్. టా.

'శబ్దం లేదు' అని రాసుకుంటోంది ఐలీ.
నేను ఒలికిన టీ తుడుస్తున్నాను.