నూటపదహార్లు

రాయగడ స్టేషనుకి ఎదురుగా బియ్యం కొట్టు మేడమీద
ఆషాఢం ముసురులో తొమ్మిదిమందిమి కూర్చున్నాం.
అందరిదీ ఒకటే వృత్తి.
బడి ఫారంలో తండ్రి ఏం చేస్తాడన్న చోట
పిల్లల చేత ‘వ్యాపారం’ అని రాయించే వృత్తి.
పైరవీ.

అర్జీ ఒడియాలో రాస్తాం, బేరం తెలుగులో ఆడతాం,
అబద్ధానికి మటుకు ఇంగ్లీషు కావాలి.
రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి భువనేశ్వరం.
ఏ గుమాస్తాకి షుగరుందో,
ఏ సారు కూతురికి సంబంధం తప్పిపోయిందో
మా నాలిక చివరే ఉంటుంది.

ఆ యేడు గుణుపురం వాడొకడు
ఒకే క్వారీని ముగ్గురికి ఇప్పిస్తానని
ముగ్గురి దగ్గరా పుచ్చుకుని మాయమయ్యాడు.
వాడి బురద మా అందరి చొక్కాల మీదా పడింది.
టీ కొట్టువాడు కూడా ముందు డబ్బులు పెట్టమన్నాడు.

అందుకని రూల్సు.

బెహరా కూర్మినాయకులు ఎర్రగుడ్డ అట్ట ఖాతా పుస్తకం తెచ్చి
అలవాటు కొద్దీ పైన పసుపు రాసి శ్రీ చుట్టాడు.
దాని కింద లింగరాజు పాఢి గుండ్రటి అక్షరాలు:
ఎవరి ఉప్పు తిని వచ్చామో
గదిలో అడుగు పెడుతూనే చెప్పాలి.
కవరు మోయరాదు.
నిన్నటిదాకా కుర్చీలో ఉన్నవాణ్ణి
రెండేళ్లు గడిచేదాకా మనలో కలుపుకోరాదు.
ఒక సంచిలో రెండు పక్షాల కాగితాలు ఉండరాదు.
తప్పితే జరిమానా నూటపదహార్లు.
పెళ్లికి చదివించినట్టుందని ఎవరో నవ్వారు.

“మరి చూసేదెవరు?” అన్నాడు కూర్మినాయకులు.
“మనమే.”
రేకుల మీద వాన గట్టిగా పట్టింది.
మజ్జిగౌరమ్మ మీద ఒట్టేసుకుందాం అన్నాడొకడు.
“అమ్మని మన గుమస్తాని చెయ్యకురా” అని
పాఢి పుస్తకం మూసేశాడు.

పదకొండు నెలలు ఆ కాగితాలు తెల్లగానే ఉన్నాయి.
అంత తెలుపు చూసి నాకే భయమేసింది.

అప్పుడు కడ్రక సింగారి కొండ దిగొచ్చింది,
పన్నెండూళ్ల వేలిముద్రలు పాలిథిన్ సంచిలో చుట్టుకుని.
వాగు పైనున్న రాయి తవ్వొద్దని అర్జీ.
నా దారి ఖర్చులకి అయిదొందలూ, ఓ మూట చింతపండూ ఇచ్చింది.
అదే వారం కంపెనీ మేనేజరు నన్ను కారెక్కించుకుని
వాగు దాటే రోడ్డు కాగితం చేతిలో పెట్టాడు.
ఎంతిచ్చాడో ఇక్కడ చెప్పను. పుస్తకంలో ఉంది.

రోడ్డు సంగతి వేరు, రాయి సంగతి వేరు అనుకున్నాను.
నా సంచికి రెండు అరలు. దేని జిప్పు దానిదే.

తిరిగొచ్చేసరికి సింగారి ప్లాట్‌ఫారం మీదే ఉంది.
పనయిందా అని అడగలేదు.
తెలుగు కూడబలుక్కుని ఒక్క మాటే:
“ముందు ఏ కాగితం తీసినావు, బాబూ?”

రెండోదాని సంగతి ఆవిడకెవరు చెప్పారో
ఈనాటికీ తెలీదు నాకు.
జిప్పు చప్పుడు కొండదాకా వినిపిస్తుందేమో.
అయిదొందలూ తిరిగిచ్చాను. లెక్కపెట్టుకుని కొంగున కట్టుకుంది.
చింతపండు అప్పటికే మా ఇంట్లో పులుసైపోయింది.

ఆ సాయంత్రం మేడెక్కి, పుస్తకం తెరిచి
మొదటి తెల్లకాగితం మీద నా పేరే రాసుకున్నాను.
పాఢి కళ్లజోడు సవరించుకున్నాడు.
“రూల్లో సంచి అని ఉంది గానీ అర అని లేదు కదా,
తొందరెందుకు?” అన్నాడు, ఎంతో దయగా.
నేను తలెత్తేసరికి
ఎవరి సంచి వాళ్లు కాలితో
కుర్చీ కిందికి జరుపుకుంటున్నారు.

వంద నోటు, పది, అయిదు పెట్టాను.
రూపాయి బిళ్ల మటుకు చేతిలోంచి జారి
దొర్లుకుంటూ పోయింది.
వెతకడానికి తొమ్మిదిమందిమీ వంగాం,
ఆ సంచుల మధ్య.