నేల, బెంచీ, కుర్చీ, బెల్లం

ఇల్లా, అంగడా? అని అడిగినాడు మొదటాయన
ఫారం మీద పెన్ను ఆనించి.
రెండూ సార్, అంటి.
రెండూ అనే గడి లేదమ్మా, అన్నాడు.

చిత్తూరు సంతపేటలో
ఆఖరి ఆట వేసి పదహారేండ్లయిన సినిమా హాలు మాది.
తెర చిరిగి ఉండాదని పదివేలు తగ్గించి
మా మామ వేలంలో పాడుకున్నాడు.
నేల టికెట్టు కాడ ఇప్పుడు బెల్లం దిమ్మెలు,
బెంచీల కాడ చింతపండు,
కుర్చీల తావంతా ధనకోటి మొదలి
బాడుగకు పెట్టిన మామిడి తాండ్ర పెట్టెలు.
టికెట్టు కిటికీ ఉంది గదా, చెయ్యి మాత్రం పట్టేది,
దాంట్లోంచి నేను ఇడ్లీలు అమ్ముతా.
పైన మిషను రూములో నలుగురం పండుకుంటాం.

రెండో కంపెనీ ఆయన బెల్లం వాసన పీల్చి
ఇది గోడౌను, అన్నాడు.
గోడౌన్లో పొయ్యేంది, అన్నాడు.
మూడో ఆయన పొయ్యి చూసి హోటలన్నాడు,
మంచాలు చూసి లాడ్జి అన్నాడు,
లాడ్జికి లైసెన్సేదీ అన్నాడు.
నాలుగిడ్లీలు తిని, కారప్పొడి బాగుందని
డబ్బులియ్యకుండా పోయినాడు.
ఆ పూటకు మాత్రం ఇది ఇల్లే.

నాలుగోది ఫోను. ఎవరో ఆడపిల్ల, మర్యాదగానే,
దగ్గర్లో గుర్తు ఏదైనా చెప్పండి మేడం, అనింది.
సినిమా హాలు, అంటి.
హాలుకు ఎదురుగానా, పక్కనా?
లోపల, అంటి.
లైను కట్టయిపోయింది.

పోయిన ఎండల్లో గిరింపేటలో టింబరు డిపో కాలింది.
గాలి మా పక్కకే తిరిగింది ఆ రాత్రి.
తెల్లారి మూత తీస్తే
ఇడ్లీ పిండి మీద సన్నగా బూడిద.
అప్పటినించి నాకు నిద్ర ముక్కలే.
మిషను రూము గోడకు రెండు చదరపు కంతలు,
ఒకప్పుడు బొమ్మలన్నీ ఆ కంతల్లోంచే పోయినాయి తెర మీదికి.
అర్ధరాత్రి లేచి
ఒకదాంట్లో టార్చి పెడతా, ఇంకోదాంట్లో కన్ను పెడతా.
కింద గోనె సంచులు,
జనం లేని ఆటకు వచ్చి కూచున్నట్టు.

ఐదోవాడు ఏకాంబరం, పలమనేరు బస్సు దిగి వచ్చినాడు.
ఫారం తియ్యలా.
మొదట ఏది అంటుకుంటాదమ్మా, అని అడిగినాడు.
ఆ మాట అడగడానికి ఐదో మనిషి రావాల్సొచ్చింది.
గోనె సంచులు సార్, ఆ తర్వాత పెట్టెల చెక్క,
చింతపండు మొండిది, పొగే పెడతాది,
బెల్లం కరిగి వాకిలి దాకా పారతాది, అని చెప్తి.
అన్నీ ఎప్పుడో లెక్కేసుకున్నదాన్ని గదా.
మీరెట్లా బయటపడతారు?
ఇనప మెట్లు చూపిస్తి. సుడి మెట్లు,
ఒకరి వెనక ఒకరే దిగాల.
కంతలో కన్ను పెట్టి శానాసేపు నిలబడ్డాడు.
కుర్చీకి ఎంతుండేది టికెట్టు?
తెలీదు సార్, మేం వచ్చేసరికి అంతా బెల్లమే.

ఈ దినం పాలసీ వచ్చింది.
గోడౌనుకొక కాగితం, అంగడికొకటి, ఇంటికొకటి.
మూడు తిరగేసినా మెట్లు లేవు.
ఫోన్ చేస్తే ఏకాంబరం నొచ్చుకున్నాడు.
ఆ మెట్లు మూడింటికీ ఉమ్మడి గదమ్మా,
ఉమ్మడిదాన్ని యాడ రాసేది?

పిల్లలు ఎక్కాలు చదివేది ఆ మెట్ల మీదే.
మా అత్త తల ఆరబెట్టుకునేదీ,
నేను మినప్పప్పు ఏరుకునేదీ ఆడే.
తొమ్మిదో మెట్టు మీద కూచ్చొని
కాగితాలు మడిచి కొంగున కట్టుకుంటి.
ఒకసారి గాలి పీల్చి చూసినా.
బెల్లం.
అంతే.