కాస్కో

కువైట్లో దీన్ని కాస్కో అంటారు.
ఇంటావిడని మామా అంటారు.
దిగిన రోజు మామా నన్ను పంజరం ముందు నిలబెట్టి
"కాస్కో" అంటే
కాచుకోమంటోందనుకున్నా.
తలూపా. జీతంలో అదొక పని.

మన చిలకలా పచ్చగా ఉండదు.
పొయ్యిలో బూడిద ఒళ్ళు, తోకొక్కటి పండుమిరప.
పదహారేళ్ళుగా సల్వాలో, ఈ హాల్లో,
ఏసీ గాలి కింద.

చనిపోయిన పెద్దాయనలా దగ్గుతుంది.
ఓవెన్ గంట కొడుతుంది.
ఒక మధ్యాహ్నం నేను ఉల్లిపాయలు తరుగుతుంటే
హాల్లోంచి ఎవరో ఆడమనిషి
"వస్తున్నా మామా" అంది అరబ్బీలో, అలసిపోయి.
వెళ్ళి చూస్తే ఎవరూ లేరు.
డ్రైవర్ మస్తాను చెప్పాడు, అది కుసుమ గొంతు,
లంకమనిషి, వెళ్ళి నాలుగేళ్ళయిందని.
సందెవేళ ఏడ్చేది మాత్రం
అంతకు ముందు ఇథియోపియా పిల్లది.
పేరు మస్తానుకీ గుర్తు లేదు.
ఆ ఏడుపుకి చుట్టాలు నవ్వుతారు, ఫోన్లు తీస్తారు.

మామా చెడ్డది కాదు, ఇది కూడా చెప్పాలి.
అందరూ ఊరెళ్ళినా దాని ఏసీ ఆగదు.
పిస్తాలు ఒలిచి పెడుతుంది.
రొమ్ము మీది ఈకలు అదే పీక్కుంటుంటే
డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది.
ఒంటరితనం, అన్నాడాయన.
అద్దం కొన్నారు.

మా తాత రాయచోటి బస్టాండులో చిలకజోస్యం చెప్పేవాడు.
శుక్రవారం ఆయన కత్తెర తీస్తే
కాళ్ళు పట్టుకునేది నేను.
"నొప్పుండదే ఓబులమ్మా, గోళ్ళు తీసినట్టే."
తలుపు తీస్తే బయటికొచ్చి ఒక చీటీ లాగి
ఒక్క వడ్లగింజ తీసుకుని
దానంతటదే పెట్టెలోకి పోయేది.
"చూశావా, ఎంత విశ్వాసమో" అనేవాడు.
నేనూ జనానికి అలాగే చెప్పేదాన్ని.
ఆరో తరగతి దాకా నా పలకాబలపం
ఆ విశ్వాసం డబ్బులే.

"నువ్వూ అదీ ఒకటే కదక్కా" అంది చెల్లెలు ఫోన్లో.
కాదు.
ఏజెంటుకి లక్షా పదివేలు కట్టి నేనొచ్చా.
చదవకపోయినా సంతకం నాదే.
నా అకామా మీద ఒక తేదీ ఉంది.
దానికి తేదీ లేదు.
అరవై ఏళ్ళు బతుకుతుందంట.
నా కష్టం చెప్పుకోడానికి
దాని కష్టాన్ని అప్పు తెచ్చుకోను.

సాయంత్రం ఎదుటి ఖర్జూరాల మీద పచ్చచిలకలు వాల్తాయి,
ఎప్పుడో ఎవరి పంజరాల్లోంచో తప్పించుకున్న వాటి పిల్లలు.
వాటి గోలకి ఇది ఊరుకుంటుంది, మెడ వంచి వింటుంది.
ఇంతమంది ఆడవాళ్ళ మాటలు వచ్చు దీనికి.
చిలకమాట రాదు.

మొన్న అందరూ పెళ్ళికి పోయినప్పుడు తలుపు తీశా.
పంజరం తలుపే. కిటికీ కాదు.
బయట యాభై డిగ్రీలు, దీని రెక్కలు సగం.
దిగింది. తివాచీ మీద ముసలమ్మలా నడిచింది.
సోఫా కింద గంటసేపుంది.
తర్వాత వచ్చి, ముక్కుతో కమ్మీ పట్టుకుని, ఎక్కి
లోపలికి పోయింది.
తాత గొంతు వినబడింది.
నోరు మూసుకో అన్నా, పైకే.
అది వినేసిందేమోనని తర్వాత భయమేసింది.

రెండు నెలల్లో పోతున్నావు,
నీ మాటలు నాలుగు నేర్పి పో, అంటుంది మామా.
చిలక్కి చెప్పినట్టు చెప్పాలి, చిలక్కే.
నేర్పను.
ఆ హాల్లో ఉన్నంతసేపు పెదవి విప్పను.
రేపొచ్చే పిల్ల అన్నం ముందు కూర్చుని
నా గొంతు విని ఉలిక్కిపడొద్దు.
ఏడవాలంటే బాత్రూములో, కొళాయి తిప్పి.

నిన్న రాత్రి మామా కేక,
"ఓబా, కొళాయి కట్టెయ్!"
పరిగెత్తా.
కొళాయి పొడిగా ఉంది.
హాల్లో, చీకట్లో,
నీళ్ళు పోతూనే ఉన్నాయి.